పంపని ఫీల్డు ఏమవుతుంది?

ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లోని రికార్డులను అప్‌డేట్ చేసే ఏపీఐలకు (ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రాముకు పని చెప్పే మార్గాలకు) డాక్యుమెంటేషన్ ఎలా రాయాలన్న విషయంపై వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒక ప్రశ్నగా కలిపాం.

ప్రశ్న: మా కంపెనీ సొంతంగా ఒక ప్రాజెక్టు ట్రాకర్‌ను తయారుచేసుకుంది. అందులోని టికెట్లను (ఒక్కో పనికి ఉండే రికార్డులను) బయటి ప్రోగ్రాముల నుంచి అప్‌డేట్ చేసేందుకు ఇప్పుడు ఏపీఐ సిద్ధమవుతోంది. డాక్యుమెంటేషన్ బాధ్యత నాకు అప్పగించారు. డెవలపర్లు ఏపీఐ వర్ణన ఉండే ఓపెన్‌ఏపీఐ ఫైలు నుంచి తీసిన ఫీల్డుల పట్టిక ఇచ్చి, భాష కాస్త సరిచూస్తే చాలన్నారు. ఫీల్డు పేరు, రకం, తప్పనిసరా కాదా అన్నవి అందులో ఉన్నాయి. నిజంగా అంతే చాలా?
— టెక్నికల్ రైటర్, హైదరాబాద్

జవాబు: చాలదు. టికెట్‌ను చదివే కాల్‌కైతే (ఏపీఐకి పంపే రిక్వెస్టుకైతే) ఆ పట్టికతో చాలావరకు పని జరిగిపోతుంది. కొత్త టికెట్ సృష్టించే కాల్‌కు కూడా మరికొంత జోడించి సరిపెట్టుకోవచ్చు. అప్‌డేట్ సంగతి వేరు, ఎందుకంటే అక్కడ రికార్డు అప్పటికే ఉంటుంది, అందులో ఇతరులు నింపిన సమాచారం ఉంటుంది, మన రిక్వెస్టు వెళ్లి దాని మీద పడుతుంది. కాబట్టి మీ డాక్యుమెంటులో మొట్టమొదట కనిపించవలసింది, రిక్వెస్టులో పంపని ఫీల్డులు ఏమవుతాయన్న ప్రశ్నకు జవాబు. మీసేవలో ఇచ్చే సవరణ దరఖాస్తులో ఒక గడి ఖాళీగా వదిలేస్తే పాత వివరం అలాగే ఉంచమని అర్థమా, తీసేయమని అర్థమా అన్న సందేహం వంటిదే ఇది. అక్కడైతే కౌంటర్లో కూర్చున్న మనిషిని అడిగి తెలుసుకోవచ్చు, ఏపీఐని వాడే ప్రోగ్రామర్‌కు మీ పేజీ తప్ప వేరే దిక్కు లేదు.

రిక్వెస్టు ఏ రకం పని అడుగుతోందో చెప్పే హెచ్‌టీటీపీ మెథడ్ పేరు చూసి అర్థం చేసుకుంటారులే అని కొందరు డెవలపర్లు వాదిస్తారు. ప్రమాణం ప్రకారం పుట్ అంటే పాత రూపం స్థానంలో కొత్త రూపాన్ని మొత్తంగా ఉంచడం. కొంత భాగాన్ని మాత్రమే మార్చడానికి ప్యాచ్ అనే మెథడ్‌ను 2010లో ఆర్‌ఎఫ్‌సీ 5789 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం నిర్దేశించింది. కానీ వాడుకలో ఉన్న ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ ఉత్పత్తులు ఈ గీతను పట్టించుకున్న దాఖలాలు తక్కువ. ఆసనాలో టాస్క్ అప్‌డేట్ కాల్ పుట్ మెథడ్‌తోనే నడుస్తుంది, అయినా పంపిన ఫీల్డులను మాత్రమే మారుస్తుంది. ఆ సంగతిని వారు డాక్యుమెంటులో వాచ్యంగా రాశారు కాబట్టి ఎవరూ తికమకపడరు. జీరా, గిట్‌ల్యాబ్, రెడ్‌మైన్‌లలో కూడా పుట్ కాల్ పాక్షిక మార్పునే చేస్తుంది. మెథడ్ పేరును బట్టి ఏమీ తేల్చుకోలేమని దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ ఒక్క వాక్యాన్ని మీరే రాయాలి.

తర్వాతి సంగతి, ఉన్న విలువను తీసేయడం ఎలా అన్నది. ఒక ఫీల్డును అసలు పంపకపోవడం, నల్ (విలువ లేదని చెప్పే గుర్తు) అని పంపడం, ఖాళీ స్ట్రింగ్ (అక్షరాలు లేని పాఠం) పంపడం అనేవి మూడు వేర్వేరు పనులు, వీటి ఫలితం ఒక్కో ఉత్పత్తిలో ఒక్కోలా ఉంటుంది. గిట్‌హబ్‌లో ఒక ఇష్యూ (అక్కడ టికెట్‌కు పేరు) నుంచి మైల్‌స్టోన్‌ను తొలగించాలంటే నల్ పంపాలి. అదే పని గిట్‌ల్యాబ్‌లో మైల్‌స్టోన్ ఐడీకి 0 పంపితే జరుగుతుంది. ఇటువంటివి ఊహించి తెలుసుకునేవి కావు, ఫీల్డు రకం దగ్గర పూర్ణాంకం అని రాసినంత మాత్రాన బయటపడేవి కూడా కావు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జాబితా రూపంలో ఉండే ఫీల్డుల వల్ల జరుగుతుంది. ఒక టికెట్ మీద 'బిల్లింగ్', 'క్లయింట్ చూశారు' అనే 2 లేబుళ్లు ఉన్నాయనుకోండి. రాత్రి నడిచే ఒక స్క్రిప్టు దానికి 'అత్యవసరం' అనే లేబుల్‌ను చేర్చాలని లేబుల్స్ ఫీల్డులో ఆ ఒక్క పేరునే పంపింది. ఏపీఐ కూర్చే పద్ధతిలో పనిచేసేదైతే తెల్లవారేసరికి టికెట్ మీద 3 లేబుళ్లుంటాయి. మార్చివేసే పద్ధతిలో పనిచేసేదైతే 'అత్యవసరం' ఒక్కటే మిగులుతుంది, బిల్లింగ్ వాళ్ల జాబితాలోంచి ఆ టికెట్ చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. గిట్‌హబ్‌లోని ఇష్యూ అప్‌డేట్ కాల్ రెండో పద్ధతిదే, ఆ మాట అక్కడి డాక్యుమెంటులో రాసి ఉంది. గిట్‌ల్యాబ్ అయితే మొత్తాన్ని మార్చే ఫీల్డుతో పాటు చేర్చడానికి ఒకటి, తీసేయడానికి ఒకటి చొప్పున వేరే ఫీల్డులు ఇచ్చింది. జీరాలో ఒకే రిక్వెస్టులో ఫీల్డ్స్, అప్‌డేట్ అనే రెండు భాగాలుంటాయి. మొదటిది విలువను నేరుగా నిర్ణయిస్తుంది, రెండోది చేర్చు, తీసేయి వంటి క్రియల ద్వారా పనిచేస్తుంది, ఒకే ఫీల్డును రెండు భాగాల్లోనూ పెట్టకూడదు.

మీ ఏపీఐ ఈ పద్ధతుల్లో దేన్ని పాటిస్తుందో డెవలపర్‌ను అడిగి తెలుసుకోవచ్చు. కానీ నా సలహా, టెస్ట్ టికెట్ ఒకటి పెట్టుకుని ప్రతి ఫీల్డుకూ అది లేకుండా ఒకసారి, నల్‌తో ఒకసారి, ఖాళీ విలువతో ఒకసారి మీరే రిక్వెస్టు పంపి చూడండి. డెవలపర్ చెప్పేది తను రాయాలనుకున్న కోడ్ గురించి కావచ్చు, రాసిన కోడ్ గురించి కాకపోవచ్చు. పరీక్షలో తేలినదాన్ని పట్టికకు పైన ఒక పేరాగా ఇలా రాయవచ్చు:

"ఈ కాల్‌లో మీరు పంపిన ఫీల్డులు మాత్రమే మారతాయి, పంపనివి ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. గడువు తేదీని తొలగించాలంటే ఆ ఫీల్డుకు నల్ విలువ పంపండి. ఖాళీ స్ట్రింగ్ పంపితే 422 ఎర్రర్ వస్తుంది. లేబుల్స్ ఫీల్డును పంపితే పాత లేబుళ్లన్నీ పోయి మీరు పంపిన జాబితా మాత్రమే మిగులుతుంది. ఒక లేబుల్‌ను అదనంగా చేర్చాలంటే ముందు టికెట్‌ను చదివి, ఉన్న జాబితాకు దాన్ని కలిపి మొత్తం పంపండి."

ఈ 5 వాక్యాలు లేకుండా 40 ఫీల్డుల పట్టిక ఎంత అందంగా ఉన్నా, దాన్ని నమ్ముకుని అప్‌డేట్ కాల్ రాసేవాడు గుడ్డిగా రాస్తున్నట్టే లెక్క.

ప్రశ్న: మేము వాడే ట్రాకర్‌లో ఏపీఐ ద్వారా స్టేటస్ మారిస్తే రెస్పాన్సు సక్సెస్ అనే వస్తుంది, తీరా చూస్తే స్టేటస్ మారదు. ఈ విషయాన్ని డాక్యుమెంటులో రాస్తామంటే "మన లోపాన్ని మనమే చాటుకోవడం ఎందుకు" అంటున్నారు. ఏం చేయాలి?
— టెస్టింగ్ ఇంజనీరు, విశాఖపట్నం

జవాబు: రాయాలి. ఇది మీ ఒక్కరి ఇంట్లోని గుట్టు కాదు. రెడ్‌మైన్‌లో వర్క్‌ఫ్లో (ఏ దశ నుంచి ఏ దశకు వెళ్లవచ్చన్న నియమాలు) అనుమతించని స్టేటస్‌ను పంపితే సర్వరు ఆ ఒక్క మార్పును పక్కనపెట్టి, మిగిలినవి సేవ్ చేసి, అంతా సవ్యంగా జరిగినట్టే జవాబిస్తుంది. గిట్‌హబ్‌లో రిపాజిటరీకి (కోడ్ దాచే చోటుకు) పుష్ చేసే, అంటే మార్పులు పంపే, అనుమతి లేని వ్యక్తి ఇష్యూ లేబుళ్లను మార్చబోతే ఆ మార్పు నిశ్శబ్దంగా వదిలివేయబడుతుంది, ఆ సంగతిని వారు ఫీల్డు వివరణలోనే దాపరికం లేకుండా రాశారు. అంత పెద్ద సంస్థకు లేని నామోషీ మనకెందుకు?

ఇటువంటి చోట డాక్యుమెంటు చెప్పవలసిన ముఖ్య విషయం, సక్సెస్ కోడ్‌కు మీ ఏపీఐలో ఉన్న అసలు అర్థం ఏమిటన్నది. రిక్వెస్టు రూపం సరిగా ఉందని మాత్రమే దానికి అర్థమా, లేక అడిగిన మార్పులన్నీ జరిగాయని అర్థమా? 204 కోడ్ వచ్చినప్పుడు దాని వెంట రికార్డు రాదు కాబట్టి ఏం మారిందో చూసుకునే వీలు కూడా ఉండదు. అలాంటప్పుడు మార్పును ధ్రువీకరించుకోవడానికి టికెట్‌ను మళ్లీ చదవాలని స్పష్టంగా చెప్పాలి. అనుమతి లేనప్పుడు ఏ ఫీల్డులు వదిలివేయబడతాయో, వేటికి 403 (అనుమతి లేదు) ఎర్రర్ వస్తుందో విడివిడిగా చూపాలి.

మరో కోణం కూడా ఉంది. స్టేటస్ చాలా ట్రాకర్లలో మామూలు ఫీల్డు కాదు, ఒక దశ నుంచి మరో దశకు వెళ్లే దారి. జీరాలో ఈ సంగతిని వేరుగానే ఉంచారు. ఎడిట్ కాల్ ద్వారా స్టేటస్ మారదు. ముందుగా ఆ టికెట్‌కు ప్రస్తుతం అందుబాటులో ఉన్న ట్రాన్సిషన్ల (దశ మార్పుల) జాబితాను తెచ్చుకుని, వాటిలో కావలసినదాని ఐడీని వేరే కాల్‌లో పంపాలి. మిగిలిన ఫీల్డుల్లో ఏవి మార్చవచ్చో చెప్పడానికి ఎడిట్ మెటా అనే మరో కాల్ ఉంది. మీ ట్రాకర్‌లో స్టేటస్ మార్పు ఇటువంటి నియమాలకు లోబడి ఉంటే, 'స్టేటస్: స్ట్రింగ్' అని పట్టికలో ఒక వరుసతో సరిపెట్టకుండా దానికొక ప్రత్యేక పేజీ కేటాయించండి. ఇంతచేసినా అసలు మందు డెవలపర్ల దగ్గరే ఉంది. వదిలేసిన ఫీల్డుల పేర్లను రెస్పాన్సులో చేర్చమని అడగండి. వాళ్లు ఆ పని చేసేవరకూ పేజీలో హెచ్చరికను ఉంచండి.

ప్రశ్న: టైటిల్ పరిమితి 255 అని డాక్యుమెంటులో ఉంది. తెలుగులో రాసిన టైటిల్ చూడటానికి చిన్నగానే ఉన్నా ఎర్రర్ వస్తోంది. కారణమేమిటి?
— ప్రాజెక్టు కోఆర్డినేటర్, వరంగల్

జవాబు: 255 ఏమిటో ఆ డాక్యుమెంటు చెప్పకపోవడమే కారణం. 'శ్రీ' అనేది మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో అది శకారం, పొల్లు, రకారం, ఈత్వం కలిసిన 4 సంకేతాలు. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది కాబట్టి మొత్తం 12 బైట్లు. పరిమితి బైట్లలో ఉంటే 255 బైట్లలో 85 తెలుగు సంకేతాలే పడతాయి, గుణింతాలూ వత్తులూ పోగా కంటికి కనిపించే అక్షరాలు అంతకంటే బాగా తక్కువే. ఇంగ్లిషు టైటిళ్లతో పరీక్షించినవారికి ఈ తేడా ఎన్నటికీ తెలియదు. 'గరిష్ఠంగా 255 బైట్లు' అనో '255 యూనికోడ్ సంకేతాలు' అనో డాక్యుమెంటులో ఉండాలి. పరిమితి దాటితే ఎర్రర్ వస్తుందా, తోక కత్తిరించి సేవ్ చేస్తుందా అన్నది కూడా ఉండాలి. బైట్ల దగ్గర లెక్క చూసుకోకుండా కత్తిరిస్తే చివరి తెలుగు అక్షరం ముక్కలై ప్రశ్నార్థకపు డబ్బాగా మిగులుతుంది.

ప్రశ్న: మా బృందంలో సగం మంది హైదరాబాద్‌లో, సగం మంది ఇక్కడ డల్లాస్‌లో ఉన్నారు. ఏపీఐ ద్వారా పెట్టిన గడువు తేదీలు మాకు ఒకరోజు ముందుగా కనిపిస్తున్నాయి. హైదరాబాద్ వాళ్లు మాత్రం తమకు సరిగానే ఉందంటున్నారు.
— సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, డల్లాస్

జవాబు: ఇద్దరూ నిజమే చెబుతున్నారు. తేదీని మాత్రమే పంపినప్పుడు మీ ఏపీఐ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రిగా నిల్వచేసి, చూపేటప్పుడు స్థానిక సమయంలోకి మారుస్తూ ఉండవచ్చు. మార్చి 31, 2025 అని పంపితే అది హైదరాబాద్‌లో 31వ తేదీ ఉదయం 5:30 అవుతుంది, తేదీ మారదు. డల్లాస్‌లో అదే క్షణం మార్చి 30 రాత్రి 7 గంటలు. గ్రీన్‌విచ్‌కు తూర్పున కూర్చుని పరీక్షించేవారికి ఈ లోపం కనబడే అవకాశమే లేదు, మన దేశంలో తయారయ్యే డాక్యుమెంట్లలో ఈ సంగతి తరచుగా జారిపోవడానికి కారణం అదేనని నా అనుమానం.

గడువు అనేది క్యాలెండర్‌లోని రోజా, కాలంలోని ఒక క్షణమా అన్నది డాక్యుమెంటు తేల్చిచెప్పాలి. ఆసనా ఈ రెండింటికీ వేర్వేరు ఫీల్డులు ఇచ్చింది: డ్యూ ఆన్ అనేది తేదీ మాత్రమే, డ్యూ ఎట్ అనేది యూటీసీలో తేదీ, సమయం, రెండూ ఒకేసారి పంపకూడదు. మీ ఏపీఐలో ఒకే ఫీల్డు ఉంటే, టైమ్‌జోన్ రాయకపోతే దేన్ని తీసుకుంటుందో చెప్పి, +05:30తో ఒక ఉదాహరణ, -05:00తో ఒక ఉదాహరణ ఇవ్వండి. డల్లాస్‌లో శీతకాలంలో అది -06:00 అవుతుందన్న సంగతి కూడా పక్కనే ఉంచితే మరీ మంచిది.

ప్రశ్న: ఇద్దరు ఒకేసారి ఒక టికెట్‌ను అప్‌డేట్ చేస్తే ఏమవుతుందో, నెట్‌వర్క్ తెగి రిక్వెస్టు మధ్యలో ఆగితే మళ్లీ పంపవచ్చో లేదో మా డాక్యుమెంటులో ఎక్కడా లేదు. స్ప్రింట్ (పని విడత) మార్చడానికి వందల టికెట్లు ఒక్కసారిగా అప్‌డేట్ చేసినప్పుడు అందరికీ మెయిళ్లు వెల్లువెత్తాయి. ఇవన్నీ రాయవలసిన విషయాలేనా?
— టీమ్ లీడ్, విజయవాడ

జవాబు: అన్నీ రాయవలసినవే. హెచ్‌టీటీపీలో మొదటి సమస్యకు సిద్ధంగా ఉన్న పరిష్కారం ఈట్యాగ్. టికెట్‌ను చదివినప్పుడు సర్వరు దాని ప్రస్తుత రూపానికి ఒక గుర్తు ఇస్తుంది. అప్‌డేట్ చేసేటప్పుడు ఆ గుర్తును ఇఫ్-మ్యాచ్ హెడర్‌లో (రిక్వెస్టుతో వెళ్లే అదనపు సమాచారంలో) తిరిగి పంపితే, మధ్యలో ఎవరైనా మార్చి ఉన్న పక్షంలో 412 ఎర్రర్ వస్తుంది. ఆ హెడర్ లేకుండా వచ్చే అప్‌డేట్లను 428తో తిప్పికొట్టే వెసులుబాటు కూడా 2012 నుంచి ప్రమాణంలో ఉంది. మీ ట్రాకర్‌లో ఈ ఏర్పాటు లేకపోతే, చివరగా వచ్చిన మార్పే నిలుస్తుందని నిజాయతీగా రాసి, మార్చదలచిన ఫీల్డులనే పంపమని సలహా ఇవ్వండి. చదివిన టికెట్‌ను మొత్తంగా వెనక్కి పంపే అలవాటే ఇతరుల మార్పులను ఎక్కువగా తుడిచేస్తుంది.

మళ్లీ పంపడం విషయంలో అన్ని ఫీల్డులూ ఒకటి కావు. ప్రయారిటీని 'హై' అని రెండుసార్లు పంపినా నష్టం లేదు. కామెంట్ చేర్చడమో, 2 గంటల పని నమోదు చేయడమో అదే రిక్వెస్టులో ఉంటే, రెండోసారి పంపినప్పుడు రెండో కామెంట్ పడుతుంది, 2 గంటలు 4 అవుతాయి, నెలాఖరున క్లయింటుకు వెళ్లే బిల్లులో ఆ తేడా తేలుతుంది. టైమౌట్ వచ్చినంత మాత్రాన అప్‌డేట్ జరగలేదని అనుకోకూడదన్న మాట పేజీలో తప్పక ఉండాలి.

మెయిళ్ల సంగతికి వస్తే, జీరా ఎడిట్ కాల్‌లో నోటిఫై యూజర్స్ అనే పారామీటర్ ఉంది. దాని డిఫాల్ట్ విలువ పంపమనే, ఆపాలంటే అడ్మిన్ హక్కులుండాలి. మీ ట్రాకర్‌లో అటువంటిది ఉంటే బల్క్ అప్‌డేట్ ఉదాహరణలోనే దాన్ని వాడి చూపండి. వందల రిక్వెస్టులు వరసగా పంపితే 429 (రిక్వెస్టులు మరీ ఎక్కువయ్యాయి) ఎర్రర్ ఎప్పుడు వస్తుందో, రీట్రై-ఆఫ్టర్ హెడర్ చెప్పినంతసేపు ఆగాలన్న సంగతినీ అక్కడే కలపండి.

ప్రశ్న: ఉదాహరణల్లో పనిచేసే ఏపీఐ కీ (ఏపీఐని వాడనిచ్చే రహస్య సంకేతం) పెడితే చదివేవారు వెంటనే ప్రయత్నించి చూడవచ్చు కదా?
— ఇంటర్న్, తిరుపతి

జవాబు: వద్దు. అప్‌డేట్ చేయగల కీ బయటికి వెళ్తే చదివినవారెవరైనా మీ టికెట్లను మార్చగలరు. ఇప్పటికే పెట్టి ఉంటే పేజీలోంచి తుడిచేయడం చాలదు, ఆ కీని రద్దుచేయండి. ప్రయోగాలకు విడిగా ఒక శాండ్‌బాక్స్ (అసలు టికెట్లను తాకని పరీక్షా స్థలం) ఇవ్వండి.

ప్రశ్న: మా అప్‌డేట్ ఏపీఐని ఏఐ అసిస్టెంట్ వాడుకునే టూల్‌గా మార్చాం. దానికి రాసే వివరణ మామూలు డాక్యుమెంటేషన్ లాగే ఉండాలా?
— డెవలపర్, బెంగళూరు

జవాబు: విషయం అదే, కానీ చదివే తీరు వేరు. మనిషి సందేహం వస్తే ఇంకో పేజీ వెతుక్కుంటాడు, పక్కవాడిని అడుగుతాడు. అసిస్టెంట్ చేతిలో సాధారణంగా మీరు టూల్‌కు రాసిన వివరణ, పారామీటర్ల స్కీమా (వాటి పేర్లు, రకాల వర్ణన) మాత్రమే ఉంటాయి. పైన చెప్పిన వాక్యాలను, అంటే పంపనిది మారదనీ, లేబుళ్ల జాబితా మొత్తంగా మారిపోతుందనీ, స్టేటస్‌కు వేరే టూల్ ఉందనీ, ఆ వివరణలోనే క్లుప్తంగా పెట్టాలి. వేరే పేజీకి లింకు ఇచ్చి ఊరుకుంటే అసిస్టెంట్ దాన్ని తెరుస్తుందన్న నమ్మకం లేదు.

ఐడీల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. గిట్‌ల్యాబ్‌లో ఒక ఇష్యూకు మొత్తం వ్యవస్థలో ఒక ఐడీ, ఆ ప్రాజెక్టులో మాత్రమే చెల్లే మరో సంఖ్య ఉంటాయి, అప్‌డేట్ కాల్‌కు కావలసింది రెండోది. జీరా క్లౌడ్‌లో మనుషులను యూజర్‌నేమ్‌తో కాక అకౌంట్ ఐడీతో గుర్తించాలి. 'శ్రీనివాస్‌కు అసైన్ చెయ్యి' అని ఎవరైనా అసిస్టెంట్‌కు చెబితే, మన కంపెనీల్లో ఆ పేరుతో ఎంతమంది ఉంటారో మీకు తెలియనిది కాదు. వెతికే టూల్ ద్వారా తెచ్చుకున్న ఐడీని మాత్రమే వాడాలనీ, ఒకరికంటే ఎక్కువమంది దొరికితే అప్‌డేట్ చేయకుండా వినియోగదారును అడగాలనీ వివరణలో రాయండి.

2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన, ఏఐ అసిస్టెంట్లను బయటి టూల్స్‌తో కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను మీరు వాడుతుంటే, టూల్ చదవడానికేనా, ఉన్నదాన్ని చెరపగలదా, రెండుసార్లు పిలిచినా ఫలితం ఒకటేనా అన్నవి తెలిపే సూచనలు అందులో ఉన్నాయి. ఏమీ రాయకపోతే ఆ టూల్ చెరపగలదనే, రెండుసార్లు పిలవడం సురక్షితం కాదనే భావిస్తారు. అప్‌డేట్ టూల్‌కు ఆ డిఫాల్టులు సబబే, కామెంట్లు చేర్చే టూల్‌కైతే రెండోదాన్ని అస్సలు మార్చకండి. ఇవి సూచనలు మాత్రమే, రక్షణ కావు, కాబట్టి అనుమతుల తనిఖీ సర్వరులోనే జరగాలి. రెస్పాన్సులో మారిన ఫీల్డుల పాత విలువ, కొత్త విలువ రెండూ వెనక్కి పంపేలా చేయగలిగితే, అసిస్టెంట్ తాను చేసిన పనిని వినియోగదారుకు సరిగా చెప్పగలుగుతుంది, పొరపాటు జరిగితే పాత విలువను తిరిగి పెట్టడానికి ఆధారమూ దొరుకుతుంది.